తువ్వాలు చేతిలో ఓడిన బొమ్మ

మా ఆయన్ని ఫ్యాక్టరీలో అందరూ బరువు బాబాయి అంటారు. ఆ పేరు విని కొత్తగా చేరినవాళ్లు ఎవరో భారీ మనిషి వస్తాడని ఎదురుచూస్తారు. తీరా వచ్చేది హ్యాంగరుకి తగిలించిన చొక్కా లాంటి మనిషి. గాలి గట్టిగా వీస్తే ఆయన చెయ్యి నేను పట్టుకోవాలి. ఆ పేరు ఒంటిని చూసి పెట్టింది కాదు, పనిని చూసి పెట్టింది.

మా ఫ్యాక్టరీలో చేసేది ఒకే ఒక్క బొమ్మ. దాని పేరు బొద్దు. కింద గిన్నెలా గుండ్రంగా ఉంటుంది, పైన చిన్న తల. కాళ్లు లేవు, చేతులు రంగుతో గీసినవే. వేలితో తోస్తే పక్కకి పడుతుంది, పడీ పడగానే ఊగుతూ లేచి కూర్చుంటుంది. లోపల చిన్న గంట గలగలమంటుంది. అంతకు మించి దానికేమీ రాదు. ఆ మాత్రం రావడానికి కూడా దాని అడుగున ఒక ఇనుప బిళ్ల సరిగ్గా నడిమధ్యలో అతుక్కోవాలి. అది అతికించేది మా ఆయన. ఒక్క పిసరు పక్కకి జరిగిందంటే బొమ్మ అలిగిన పిల్లలా ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. నేనేమో ముఖాలు వేస్తాను. రెండు కళ్లు, ఒక నోరు, బుగ్గలకి స్పాంజితో ఇంత ఎరుపు.

నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఏదైనా తెలుసుకోకపోతే అన్నం సహించదు. పెళ్లయిన కొత్తలోనే అడిగేశాను.

"ఏవండీ, పొద్దస్తమానం అదే బిళ్ల అదే చోట అతికిస్తారు కదా, విసుగు రాదా?"

"నువ్వు పొద్దస్తమానం కళ్లు గీస్తావు. నీకు రాదా?"

"నాకెందుకు రాదూ? వస్తుంది."

"నాకు రాదు" అన్నారాయన. "ప్రతిదాన్నీ ఒకసారి తోసి చూస్తానా, లేస్తుందో లేదో అని గుండె కొట్టుకుంటుంది."

"ఇన్నేళ్లుగా లేస్తూనే ఉంది కదండీ!"

"ఇవాళ లేవకపోతే?"

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? పైగా ఆయన బల్ల పక్కనే బొమ్మల డొప్పలు అచ్చుపోసే యంత్రం ఉండేది. దాని రొద చెవుల్లో పడీ పడీ వినికిడి సగం పోయింది. తనకి వినబడదు కాబట్టి ఎదుటివాళ్లకీ వినబడదేమోనని ఆయన అనుమానం. మామూలుగా మాట్లాడమంటే అరుస్తారు. మా ఇంట్లో పంచదార నిండుకుంటే మూడిళ్ల అవతలివాళ్లకి తెలిసిపోతుంది. మొగుడూ పెళ్లాల మధ్య రహస్యం అనే మాట మా కాపురంలో లేదు.

ఈ కథ మొదలైంది మా మనవరాలి వల్ల. మా అమ్మాయి కూతురు. ఇప్పుడు నేను పొద్దున పూటే పనికెళ్తాను కాబట్టి, మధ్యాహ్నం బడి నుంచి నేనే తీసుకొచ్చి, తల్లి పని నుంచి వచ్చేదాకా మా ఇంట్లో ఉంచుకుంటాను. అన్నం తినిపించి పడుకోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది. ఆ రోజు మా ఆయనకి సెలవు. గడపలో నిలబడి చూస్తున్నారు. పిల్ల తన బొద్దుని పక్క మీద పడుకోబెట్టింది. చెయ్యి తియ్యగానే అది గలగలమంటూ లేచి కూర్చుంది. మళ్లీ పడుకోబెట్టింది. మళ్లీ లేచింది.

"పడుకోవే!" అని బొమ్మని కసిరింది పిల్ల.

"ముందు నువ్వు పడుకోవే" అన్నాను నేను.

"అది పడుకోలేదుగా! నేనెందుకు పడుకోవాలి?"

మా ఆయనైతే మొదట్లో తెగ మురిసిపోయారు, తన బిళ్ల అంత బాగా పని చేస్తోందని. కానీ పిల్లకి ఏడుపు ముంచుకొచ్చింది. బొద్దుని మంచం కిందికి ఒక్క తోపు తోసి, దండెం మీద తువ్వాలు లాగింది. దాన్ని చుట్టచుట్టి, పక్కలో వేసుకుని, మెల్లగా జోకొట్టింది. తువ్వాలు బుద్ధిగా పడుకుంది. దాని పక్కనే పిల్లా నిద్రపోయింది.

"తువ్వాలు!" అన్నారు మా ఆయన. "చూశావా? తువ్వాలు చేతిలో ఓడిపోయాను!"

"మెల్లిగా మాట్లాడండి, లేస్తుంది" అన్నాను.

ఆయన వంగి, మంచం కింద నుంచి బొద్దుని తీసుకుని వంటింట్లోకి వచ్చారు. నేను టీ పెట్టి ఇచ్చాను. అది చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు. ఆ బొమ్మని టేబులు మీద పెట్టి వేలితో తోస్తూ, లేస్తుంటే చూస్తూ కూర్చున్నారు. ఆయన ముఖం అంతలా చిన్నబోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు జాలేసింది, నవ్వూ వచ్చింది. తువ్వాలుతో పోటీ ఏంటండీ మనిషికి?

"బతుకంతా దీనికి లేవడమే నేర్పాను" అన్నారు. "పడుకోవడం నేర్పలేదు. పసిపిల్ల ఏడ్చిందే! పని మానేసి ఇంట్లో కూర్చునేలోపు పడుకునే బొద్దుని ఒకదాన్ని చేసి వెళ్లాలి. లేకపోతే నాకు తృప్తి ఉండదు."

ఆయన నోటి నుంచి 'నాకు ఇది కావాలి' అనే మాట వినడం నాకు అదే మొదలు. చొక్కా కావాలని కూడా అడిగి ఎరగడు ఆ మనిషి.

వారం తిరక్కుండా ఫ్యాక్టరీలో మీటింగు పెట్టారు. మా మేడమ్ వాళ్ల నాన్నగారు పెట్టిన ఫ్యాక్టరీ అది. ఆవిడ చిన్నప్పుడు ప్యాకింగు బల్ల కింద బొద్దులతో ఆడుకుంటూ పెరిగింది. అందుకే మా ఆయన్ని ఇప్పటికీ బాబాయ్ అనే పిలుస్తుంది. మంచి మనిషి, బుర్రున్న మనిషి. ఆ రోజు ప్యాకింగు హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పారు.

"మన బొమ్మ విరగదు, పాడవదు. అక్క ఆడుకుంటే తమ్ముడికొస్తుంది. తమ్ముడు పెద్దాడైతే పక్కింటికెళ్తుంది. ఇంట్లో ఒకటుంటే రెండోది ఎవరూ కొనరు. మన మంచితనమే మన కొంప ముంచుతోంది. జనానికి బొద్దు ముఖం అంటే ఇష్టం. ఆ ముఖం వేసి స్కూలు సంచులు, నీళ్ల సీసాలు, దుప్పట్లు చేద్దామనుకుంటున్నాను. కుట్టు మిషన్లకి చోటు కావాలి. అంచేత బరువుల బల్ల తీసేయాలి. బిళ్ల అతికించిన అడుగు డొప్పలు బయట నుంచి తెప్పించుకుందాం. బాబాయ్, మీరు సంచులకి బకిల్స్ బిగించే దగ్గర ఉందురుగాని. ఏమంటారు? ఎవరికైనా ఏమైనా తోస్తే చెప్పండి."

ముందుగా లేచింది తోపుడక్క. ఆవిడ పని తయారైన ప్రతి బొమ్మనీ వేలితో తోసి చూడడం. లేస్తే పెట్టెలోకి, లేవకపోతే చెత్త బుట్టలోకి. ఏళ్ల తరబడి తోసీ తోసీ ఆవిడ కుడి చూపుడు వేలు ఎప్పుడూ ముందుకు చాచే ఉంటుంది. టీ గ్లాసు పట్టుకున్నా అంతే.

"సంచులు చేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారమ్మా. మనకెందుకొచ్చిన గొడవ? వచ్చిన పని చేసుకుంటే పోలా?"

"వచ్చిన పని తగ్గిపోతోంది అక్కా. అదే కదా నా బాధ" అన్నారు మేడమ్.

నేను నోరు మూసుకుని కూర్చుందామనే అనుకున్నాను. కానీ నా నోట్లో నువ్వుగింజ నానదు. "మేడమ్, చచ్చినా పడుకోని బొమ్మని దుప్పటి మీద వేస్తే, పిల్లలకి నిద్రేం పడుతుంది?" అనేశాను. హాలంతా గొల్లుమంది. మేడమ్ కూడా నవ్వేశారు.

ఆ నవ్వుల్లోనే మా ఆయన లేచి నిలబడ్డారు. "పడుకునే బొద్దుని చేద్దామమ్మా!" అని అరిచారు. అరవాలని కాదు, ఆయన గొంతే అంత.

ఈసారి నవ్వు ఇంకా పెద్దదైంది. "బాగుంది బాబాయ్!" అంది తోపుడక్క. "లేవని బొమ్మని చెత్తలో వెయ్యమనే కదా నాకు జీతమిస్తున్నారు. ఇప్పుడు దాన్నే పెట్టెలో పెట్టి అమ్మమంటారా?"

మేడమ్ మాత్రం నవ్వలేదు. మోచెయ్యి బల్ల మీద పెట్టి, ముందుకు వంగి, "ఎందుకు బాబాయ్?" అని అడిగారు. ఆవిడకీ నా జబ్బే కొంచెం ఉంది.

ఆయన తువ్వాలు సంగతంతా చెప్పారు.

"సరే. కానీ పడుకునేదైతే అది బొద్దు ఎలా అవుతుంది? వేరే బొమ్మ అవుతుంది కదా? అలాంటప్పుడు సంచి చేస్తే తప్పేంటి?" అని అడిగారు మేడమ్.

ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది. ఇంటికెళ్లాక కూడా దాన్ని నములుతూనే ఉన్నాను. ముఖం ఉంటే బొద్దా, లేవడం ఉంటే బొద్దా? సంచి మీద నా కళ్లూ నా నోరూ అచ్చేస్తే అందులో బొద్దు ఎంత, సంచి ఎంత? మా ఆయనకి ఇంత ఆలోచన అక్కర్లేకపోయింది.

"ఇదీ బొద్దేనమ్మా. కాకపోతే నిద్రొచ్చిన బొద్దు" అన్నారు.

దానికి మేడమ్ ఇలా అన్నారు. "అయితే ఒక మాట. తోస్తే లేవాలి, పడుకోబెడితే పడుకోవాలి. రెండూ ఒకే బొమ్మ చెయ్యాలి. చేసి చూపించండి, ఒక విడత అమ్మి చూద్దాం. కొన్నవాళ్లు ఉంచుకుంటే పడుకునే బొద్దు ఉంటుంది, మీ బల్లా ఉంటుంది. తిప్పి తెచ్చారంటే మాత్రం ఇంక ఆ ఊసు ఎత్తకూడదు."

అక్కడి నుంచి మా వంటిల్లు మాది కాకుండా పోయింది. ఆయన ఉపాయం వినడానికి తేలికే. ఇనుప బిళ్ల సగం చేసి, మిగతా బరువు జారేదిగా పెట్టాలి. బొమ్మ లోపల ఒక చిన్న డబ్బీ, అడుగున ఒక అర, వీపు వైపు ఒక అర, మధ్యలో చిన్న కన్నం. వేలితో తోస్తే బరువు జారేంత వ్యవధి ఉండదు, బొమ్మ లేచిపోతుంది. పడుకోబెట్టి చెయ్యి వేసి ఉంచితే బరువు మెల్లగా వీపు వైపుకి జారి, బొమ్మ అలాగే పడుకుంటుంది. మళ్లీ నిటారుగా కాసేపు ఎత్తుకుంటే బరువు అడుక్కి దిగి, ఎప్పటి బొద్దు అయిపోతుంది. అంతా బానే ఉంది. జారేది ఏది?

ఉప్పు పోశారు. తేమకి గడ్డకట్టింది. పంచదార పోశారు. తెల్లారేసరికి బొద్దుని చీమలు చుట్టేసి, అది తోయకుండానే కదులుతున్నట్టు కనబడింది, నేను కెవ్వుమన్నాను. ఆవాలు పోశారు. అవి ఉరుకులు పరుగుల మీద జారిపోయి, తోసీ తోయగానే బొమ్మ వెల్లకిలా పడి ఊరుకుంది. చివరికి సన్నటి ఇసుక తెచ్చి, కడిగి, ఎండబెట్టి, నా టీ వడకట్టుతో జల్లించారు. ఆ వడకట్టు మళ్లీ టీకి పనికిరాలేదు. ఆ మాట అంటే, "టీ ఎప్పుడైనా తాగచ్చు" అన్నారు మహానుభావుడు.

నా సమస్య నాకుంది. కళ్లు. ఇన్నేళ్లూ బొద్దుకి గుండ్రటి కళ్లు వేశాను, ఆశ్చర్యపోయినట్టు. నిద్రపోయే బొమ్మకి కళ్లు తెరుచుకుని ఉంటే ఎలా? మూసేస్తే మెలకువగా ఉన్నప్పుడు ఎలా? ఎన్ని ముఖాలు వేసి చెరిపానో! మనవరాలిని చూసి నేర్చుకున్నాను చివరికి. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు దాని రెప్పలు సగం దిగి, చూపు కిందికి వాలుతుంది. అలాగే వేశాను. కూర్చున్నప్పుడు మన చేతుల వైపు చూస్తున్నట్టుంది, పడుకున్నప్పుడు నిద్రలోకి జారుతున్నట్టుంది.

మొదటిది మనవరాలి పక్కలో పెట్టాం. "చెయ్యి వేసి ఉంచమ్మా, తియ్యకు" అన్నారు తాతయ్య. పిల్ల చెయ్యి వేసింది. కాసేపటికి బొమ్మా పడుకుంది, ఆ చెయ్యి తియ్యకుండానే పిల్లా పడుకుంది. మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఏమైందండీ అంటే ఇసుక పడిందన్నారు. ఇసుక డబ్బా అప్పటికి మూత పెట్టి అటక మీద ఉంది.

మేడమ్ చూసి ఒప్పుకున్నారు. తోపుడక్క తన వేలితో తోసింది, లేచింది. మళ్లీ తోసింది, లేచింది. "ఇది మన బొద్దే కదా, ఇందులో కొత్తేముంది?" అని పెదవి విరిచి పెట్టెలో పెట్టింది. పెట్టెలు కూడా పాతవే. గోదాములో కట్టలు కట్టలుగా పడున్నాయి, ఈ విడతకి అవే వాడేద్దామన్నారు మేడమ్. ఎవరం కాదనలేదు. అలా విడత మొత్తం దుకాణాలకి వెళ్లింది. తిప్పి తెచ్చేవాళ్లు ఉంటే మా ఫ్యాక్టరీ గేటు పక్కనున్న చిన్న గదికి తెస్తారు. అక్కడ బొమ్మల బాగోగులు చూసేది కూడా తోపుడక్కే.

మొదట్లో ఏ కబురూ లేదు. ఈలోగా మేడమ్ ఒక అద్దె గదిలో కుట్టించడం మొదలుపెట్టిన సంచులు మాత్రం జోరుగా అమ్ముడుపోతున్నాయని తెలిసింది. అబద్ధమెందుకు, నాకు ఒళ్లు మండింది. సంచి మీద బొద్దు ముఖం నేను వేసిన ముఖమే అయినా మండింది.

తర్వాత బొమ్మలు రావడం మొదలైంది. ఇవాళ ఒకటి, రేపు రెండు. అందరిదీ ఒకటే మాట, "ఇంట్లో లేవడం లేదండీ" అని. విచిత్రమేమిటంటే, తోపుడక్క తోస్తే లేచేది. సంచిలో నిటారుగా వచ్చేసరికి ఇసుక అడుక్కి సర్దుకునేది కదా మరి. తెచ్చినవాళ్లు బిక్కముఖం వేసేవాళ్లు. "నిన్న లేవలేదండీ, ఒట్టు!" అనేవాళ్లు. ఒకసారి లేచి ఒకసారి లేవని బొమ్మ ఎవరికి కావాలి? దానికి బదులు పాత రకం బొద్దుని పట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. మూలనున్న చెక్కపెట్టె నిండుతోంది.

మా ఆయన రోజూ మధ్యాహ్నం వెళ్లి ఆ పెట్టెలోకి తొంగి చూసి వచ్చేవారు. ఒకదాన్ని ఇంటికి తెచ్చి విప్పారు. ఇసుక పొడిగానే ఉంది, కన్నం శుభ్రంగానే ఉంది. "లోపమెక్కడుందో తెలియడం లేదే" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. తెలియకపోవడమే ఆయన్ని తినేస్తోంది. అన్నం కలుపుకుని అలాగే కూర్చున్నారు. ఆ మర్నాడు సాయంత్రం తన బల్లని తానే తుడిచి, పనిముట్లు గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు. ఎవరో వచ్చి తియ్యమనే దాకా ఎందుకని.

ఆ మరుసటి రోజు మేడమ్ గేటు గదికి వచ్చారు. ఎన్ని తిరిగొచ్చాయో చూసి, ఒక మాట తేల్చేస్తారని అందరికీ తెలుసు. నన్నూ ఆయన్నీ పిలిపించారు. చెక్కపెట్టెలోకి వంగి, తిరిగొచ్చినవి లెక్కపెడుతున్నారు. ఆ సమయానికే ఒకావిడ వచ్చింది. ఒక చేతిలో బొద్దు ఖాళీ పెట్టె. పక్కన నాలుగైదేళ్ల పాప. బొమ్మ పాప చేతుల్లో అడ్డంగా, పసిబిడ్డని ఎత్తుకున్నట్టుగా ఉంది.

"ఇది లేవడం లేదండీ" అంది ఆవిడ. "ఎన్నిసార్లు తోసినా లేవలేదు. పెట్టె మీదేమో ఇలా రాశారు."

పెట్టె తిప్పి చూపించింది. ఎర్ర అక్షరాలతో, మేడమ్ వాళ్ల నాన్నగారి కాలం నుంచి ఉన్న వాక్యం. 'ఎన్నిసార్లు పడుకోబెట్టినా లేచి కూర్చుంటుంది!'

నేను మేడమ్ వైపు చూశాను. మేడమ్ తోపుడక్క వైపు చూశారు. తోపుడక్క పెట్టె వైపు చూసింది. ఆ వాక్యం గేటు మీద ఉంది, గోడ మీద ఉంది, మా టీ కప్పుల మీద ఉంది. చూసీ చూసీ దాన్ని చదవడం ఎప్పుడో మానేశాం. పడుకునే బొమ్మని చేసి, ఇది పడుకోదని రాసిన పెట్టెలో పెట్టి అమ్మాం! పడుకోగానే జనం పాడైందని తెచ్చేశారు, తేరా మరి? నాకు తల కొట్టేసినట్టయింది. ముఖాలు వేసేదాన్ని, నా బొమ్మ ఎక్కిన పెట్టె ముఖం ఒక్కసారి చూసుకోలేదు.

తోపుడక్కకి మాత్రం వేలు ఊరుకోదు. పాప చేతుల్లోంచి బొమ్మని తీసుకుని బల్ల మీద పెట్టి ఒక్క తోపు తోసింది. బొమ్మ కొంచెం కదిలి, మళ్లీ అలాగే పడుకుంది. గంట కూడా మోగలేదు. "లేవదు" అని, అలవాటు చొప్పున చెక్కపెట్టెలోకి వెయ్యబోయింది.

"పడెయ్యకు!" అని కేకేసింది పాప. వెంటనే తన నోరు తానే మూసుకుని, గుసగుసగా అంది, "నిద్రపోతోంది."

"పొద్దున్నుంచీ ఇదే మాటండీ" అంది తల్లి. "నేనే నమ్మలేదు."

మేడమ్ పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. "ఎవరు నిద్రపుచ్చారు?"

"నేనే."

"ఎలా?"

పాప మేడమ్‌ని పైకీ కిందికీ చూసింది, ఇంత పెద్దదానివి ఈ మాత్రం తెలియదా అన్నట్టు. బొమ్మని తీసుకుని భుజాన వేసుకుని, వీపు తట్టింది. నిటారుగా బల్ల మీద పెట్టింది. తోపుడక్క వేలు దానంతటదే ముందుకొచ్చి తోసింది. బొద్దు గలగలమంటూ లేచి కూర్చుంది. "చూశావా, లేపేశావు!" అని విసుక్కుంది పాప. "ఇప్పుడు మళ్లీ పడుకోబెట్టాలి."

పడుకోబెట్టింది. చెయ్యి వేసి ఊరికే ఉంచలేదు. మెల్లగా, ఒకే తీరులో, జోకొట్టసాగింది. ఎవరూ చెప్పలేదు దానికి. చెయ్యి వేసి ఉంచాలని మేం అనుకున్నాం, అది కూడా పెట్టె మీద రాయలేదు. మా ఆయన బల్ల మీదికి వంగి, కళ్లార్పకుండా ఆ చిన్న చేతినే చూస్తున్నారు. "జోకొడితే ఇసుక చకచకా జారుతోందే" అని గొణిగారు. తను చేసిన బొమ్మ గురించి తనకి తెలియని సంగతి! ఇన్నాళ్లుగా దిగులు పేరుకుపోయిన ఆ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే వచ్చింది.

మేడమ్ ఫోను మోగింది. పాప గుర్రుగా చూసింది. మేడమ్ గబుక్కున నొక్కేసి జేబులో పడేసుకున్నారు. యజమాని, పనివాళ్లు, తిరిగివ్వడానికి వచ్చిన తల్లి, అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పాప చెయ్యి తీసింది. బొద్దు లేవలేదు. నేను వేసిన రెప్పలు సగం వాలి, నిజంగానే నిద్రపోతున్నట్టుంది.

"మార్చి కొత్తది ఇవ్వమంటారా?" అని తోపుడక్క తల్లిని అడిగింది, అదీ గుసగుసగానే. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఖాళీ పెట్టెని మడిచి సంచిలో పెట్టుకుంది.

మేడమ్ లేచి మా ఆయన దగ్గరికి వచ్చారు. పాప వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి ఏదో చెప్పారు. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. చెప్పింది పక్కనున్న నాకు వినబడింది. మా ఆయనకి ఎలా వినబడుతుంది?

"ఏంటమ్మా?" అని అరిచారు.

"ష్!" అంది పాప, వేలు పెదవుల మీద పెట్టుకుని.

నేను ఆయన చెవి దగ్గరికి వంగాను. నా గొంతు ఎంత తగ్గిద్దామన్నా తగ్గలేదు. "మీ బల్ల అక్కడే ఉంటుందట. పడుకునే బొద్దుని ఇంకా చెయ్యమంటున్నారు. పెట్టెలు కొత్తవి వేయిస్తారట."

ఆయన నా వైపు తిరగలేదు. బల్ల మీద పడుకున్న బొమ్మ వైపు చూస్తూ, గాభరాగా నా చెయ్యి పట్టుకున్నారు.

"మెల్లిగా మాట్లాడవే" అన్నారు. "లేస్తుంది."